నల్లమందు పొగనుండి లేచిన కాపరి
చైనా దేశస్థుడైన పాస్టర్ షీ జీవితము

మన వంటయిండ్లలో గసగసాలు అందరెరిగినవే. ఆ గింజ నిరపాయమైనది. కూరకు చిక్కదనమును, పాయసమునకు రుచిని ఇచ్చును. అయితే ఆ గింజలను తనలో దాచుకొనిన పచ్చికాయకు సాయంకాలమున గాటు పెట్టినయెడల తెల్లని పాలు కారును. తెల్లవారునప్పటికి ఆ పాలు గోధుమవన్నెకు తిరిగి గట్టిపడును. దానిని గీసి, ప్రోగుచేసి, ఆరబెట్టినదే నల్లమందు. వైద్యుని చేతిలో అది నొప్పిని తీర్చును. అలవాటుపడినవాని చేతిలో అదే వానికి యజమానియగును. పందొమ్మిదవ శతాబ్దములో మన దేశపు పొలములలో పండిన నల్లమందు ఓడలకెక్కి చైనా దేశమునకు చేరి లెక్కలేనన్ని కుటుంబములను కూల్చెను. అట్లు కూలిన ఒక యింటినుండి లేచి, తన వంటి వేలాదిమందికి చేయి అందించిన మనుష్యుని చరిత్ర ఇది.

ప్రియ చదువరీ, ఈ చరిత్ర చైనా దేశమునకు చెందినదైనను దానిలో మన దేశమునకు కూడ పాలు కలదు. 1773లో ఈస్టిండియా కంపెనీ వంగదేశపు నల్లమందుపై గుత్తాధికారమును చేజిక్కించుకొనెను. బీహారు, కాశీ ప్రాంతముల రైతులు ముందుగా బయానా పుచ్చుకొని, కంపెనీ చెప్పిన ధరకే పంట అప్పగించవలసి యుండెను. పాట్నాలోను గాజీపూరులోను ఆ సరకును ఉండలుగా చుట్టి, పెట్టెలలో సర్ది, కలకత్తాలో వేలము వేయుచుండిరి. చైనా చక్రవర్తి శాసనము దానిని నిషేధించియుండెను గనుక, వేలములో కొనిన వర్తకులు దొంగతనముగా ఆ దేశమునకు చేర్చుచుండిరి. దానిని ఆపబూనిన చైనామీద 1839 మొదలు 1842 వరకును, మరల 1856 మొదలు 1860 వరకును యుద్ధములు జరిగెను. ఆ తరువాత ఆ వర్తకము చట్టబద్ధమాయెను. కాలక్రమమున చైనా రైతులే తమ మంచి భూములలో ధాన్యమునకు బదులు నల్లమందు మొక్క నాటసాగిరి. ఉత్తరమున కొండలమధ్య నున్న షాన్సీ రాష్ట్రములో ఈ వ్యసనము పల్లెపల్లెకు ప్రాకెను.

పండితుని పతనము

ఆ షాన్సీ రాష్ట్రములో, పింగ్‌యాంగ్ నగరమునకు సమీపమున ఒక గ్రామములో, 1836 ప్రాంతమున షీ జన్మించెను. వారిది పండితవంశము. బాలుడు చురుకైనవాడు. కన్ఫ్యూషియస్ గ్రంథములను కంఠస్థము చేసి, యింకను యౌవనప్రాయములోనే ప్రభుత్వ పరీక్షలో మొదటి పట్టమును సంపాదించెను. ఆ దేశములో ఆ పట్టము గొప్ప గౌరవము. పొడుగు అంగీ ధరించి నడచు ఆ యువకుని చూచి గ్రామస్థులు ప్రక్కకు తొలగుచుండిరి. వ్యాజ్యములు కలిగినవారు అర్జీలు వ్రాయించుకొనుటకు ఆయనయొద్దకు వచ్చుచుండిరి. ఆయన కలమునకు పదును ఎక్కువ. కోపమునకు కూడ పదును ఎక్కువే. ఆయనను ప్రేమించినవారికంటె భయపడినవారే అధికులు.

అయితే ఆయన హృదయములో నెమ్మది లేకుండెను. చిన్నతనమునుండియే మరణమును గూర్చిన తలంపు ఆయనను వెంటాడుచుండెను. మనుష్యుడు ఎందుకు పుట్టుచున్నాడు, చచ్చి ఎక్కడికి పోవుచున్నాడు అను ప్రశ్నకు గ్రంథములు జవాబియ్యలేదు. మొదటి భార్య మరణించెను. కొన్ని సంవత్సరముల తరువాత మరల వివాహమాడెను. అంతలో ఆయన ఆరోగ్యము చెడెను. స్నేహితులు మంచి మనస్సుతోనే నల్లమందు పీల్చుమని సలహాయిచ్చిరి. కొలదిగా పీల్చినయెడల హాని లేదనియు, స్వస్థత కలుగగానే మానివేయవచ్చుననియు వారి మాట. మొదటి దినములలో నిజముగానే నొప్పి తగ్గెను, మనస్సు తేలికాయెను. ఆ తరువాత మోతాదు పెంచనిదే ఆ హాయి రాలేదు. మరికొంత కాలమునకు హాయి కొరకు కాక, పీల్చనిచో కలుగు బాధనుండి తప్పించుకొనుటకే పీల్చవలసివచ్చెను. వ్యసనము యొక్క మార్గము నేటికిని ఇదియే.

పండితుడు పడకకు అంటుకొనిపోయెను. ఒకసారి ఆయన చనిపోవుచున్నాడని తలంచి, ఆ దేశాచారము చొప్పున ఇంటివారు శవవస్త్రములు తొడిగిరి. ఆయన చావలేదు, అయితే బ్రతికియున్నాడనియు చెప్పుటకు వీలులేకుండెను. మానవలెనని పలుమారు ప్రయత్నించి పలుమారు ఓడిపోయెను. వివేకము లేక కాదు, విద్య లేక కాదు, పట్టుదల లేక కాదు. ఆ బంధకము వాటన్నిటికంటె బలమైనది.

కరవు కాలములో వచ్చిన అతిథి

1876 మొదలు 1879 వరకు ఉత్తర చైనాలో ఘోరమైన కరవు సంభవించెను. వర్షములు లేవు. ధాన్యము పండవలసిన భూమిలో కొంతభాగము నల్లమందు పంటకు పోయియుండుటచేత గాదెలు ముందే వట్టివైపోయెను. దాదాపు కోటిమంది చనిపోయిరని చరిత్రకారుల అంచనా. షాన్సీ రాష్ట్రము అందరికంటె ఎక్కువగా నలిగిపోయెను. అప్పుడు బాప్టిస్టు మిషనరీ తిమోతి రిచర్డు, వెస్లియన్ మిషనరీ డేవిడ్ హిల్ మొదలైనవారు ధనమును ధాన్యమును పంచుటకు అక్కడికి వచ్చిరి. హిల్ దొర మృదుస్వభావుడు. చైనా దుస్తులు ధరించి, పేదల గుడిసెలకు నడచివెళ్లి, చేతికి చేయి సహాయమందించెను.

కరవు తగ్గిన పిమ్మట, 1879లో, ఆయన పండితులను చేరుటకు ఒక ఉపాయము చేసెను. ప్రభుత్వ పరీక్షలకు వచ్చిన విద్వాంసులకు కొన్ని అంశములిచ్చి, వ్యాసములు వ్రాసినవారికి బహుమానములు ప్రకటించెను. ఆ అంశములలో నల్లమందు సమస్య ఒకటి. తన రక్తనాళములలో పారుచున్న విషమును గూర్చి వ్రాయుటకు షీకంటె తగినవాడెవడు? ఆయన వేరువేరు పేర్లతో పలు వ్యాసములు వ్రాసి పంపెను. బహుమానములు ఆయనకే దక్కెను.

కాని బహుమానము పుచ్చుకొనుటకు విదేశీయుని ఇంటికి వెళ్లవలెను. విదేశీయులు మంత్రములు వేయుదురని వదంతి. అంతటి పండితుడు కూడ భయపడెను. చివరకు బావమరిదిని తోడుచేసుకొని వెళ్లెను. అక్కడ హిల్ దొర కన్నులలోని దయను చూచినప్పుడు ఆయన భయము తొలగిపోయెను. కొన్ని దినములకు హిల్ ఆయనను తనకు వ్రాతపనిలో సహాయకునిగా ఉండుమని కోరెను. గదిలో బల్లమీద చైనాభాషలోని క్రొత్త నిబంధన ఉండెను. హిల్ వాదించలేదు, ఒత్తిడి చేయలేదు. పండితుడు తనంతట తానే చదువనారంభించెను. క్రీస్తు శ్రమలను గూర్చి చదువుచున్నప్పుడు మోకరించెను, చదువుచు ఏడ్చెను. తన చిన్ననాటి ప్రశ్నకు జవాబు అక్కడ దొరికెను.

ఏడు దినముల పోరాటము

మారుమనస్సు పొందిన షీ వెంటనే ఒక సంగతి గ్రహించెను. ఇద్దరు యజమానులకు దాసుడైయుండుట సాధ్యము కాదు. నల్లమందు గొట్టమును అవతల పెట్టెను. అప్పుడు నిజమైన యుద్ధము మొదలాయెను. నల్లమందుకు అలవాటైన దేహమునుండి దానిని తీసివేసినప్పుడు కన్నులనుండి ముక్కునుండి నీరు కారును, చెమటలు పట్టును, ఎముకలు విరిచినట్లు నొప్పిపుట్టును, కడుపు తిరుగును, విరేచనములు కలుగును, నిద్ర దరిచేరదు. ఏడు దినములు ఆయన తినలేదు, నిద్రించలేదు. హిల్ దొర తనయొద్దనున్న మందులిచ్చెను. ప్రక్కన ఉండి ప్రార్థించెను. షీ పరిశుద్ధాత్మ సహాయము కొరకు మొఱ్ఱపెట్టెను. చివరకు ఆ తుపాను అణగిపోయెను. ఆయన స్వతంత్రుడాయెను, మరల ఆ గొట్టమును ముట్టలేదు.

తరువాత ఆయన తన పేరు మార్చుకొనెను. షెంగ్‌మో అనగా దయ్యములను జయించువాడని అర్థము. ఆ పేరులో గర్వము కంటె యుద్ధప్రకటన ఎక్కువగా ఉండెను.

గ్రామమునకు తిరిగివచ్చిన పండితుని చూచి జనులు విదేశీయుడు మందు పెట్టెనని చెప్పుకొనిరి. అయితే దినములు గడచినకొలది ఆ మాట నిలువలేదు. వైరముతో విడిపోయిన సోదరులతో ఆయన సమాధానపడెను. ఇంట్లో విగ్రహములను తొలగించెను. ఒకప్పుడు వ్యాజ్యములకు నూనెపోసినవాడు ఇప్పుడు తగవులు తీర్చువాడాయెను. గ్రామస్థులు ఆయనను తమ పెద్దగా ఎన్నుకొనిరి. దేవాలయపు పూజలలో పాల్గొనననియు, గ్రామము కొరకు తన దేవునికే ప్రార్థించెదననియు ఆయన ముందుగానే షరతు పెట్టినను వారు ఒప్పుకొనిరి. నమ్మదగిన మనుష్యుడు కావలెనని వారికి తోచెను.

శరణాలయములు ఎట్లు పుట్టెను

పింగ్‌యాంగ్ ప్రాంతములో ఎటుచూచినను నల్లమందు బానిసలే. సువార్త విన్నవారు ముందుగా అడిగినది ఒకటే: ఈ పొగనుండి బయటపడు మార్గము కలదా? షీ ప్రక్క ఊరిలో ఒక మందుల దుకాణము తెరచి, దానికి సువార్తశాల అని అర్థమిచ్చు పేరు పెట్టెను. వెనుక గదిలో ఆరాధన జరుగుచుండెను. మరియొక గ్రామములో ఒక విశ్వాసి యింట నల్లమందు మానుటకు ఇచ్ఛించినవారిని చేర్చుకొని, మిషనరీలిచ్చిన విదేశీ మందులతో చికిత్స మొదలుపెట్టిరి. రోగులు పెరిగిరి, మందులు అయిపోయెను. క్రొత్త సరకు వచ్చు దారి లేదు. సగము చికిత్సలో ఉన్నవారిని ఇంటికి పంపినయెడల వారు మరల గొట్టము పట్టుదురు.

అప్పుడు షీ ఉపవాసముండి ప్రార్థించెను. ఆయనకు దేశీయ వైద్యమును గూర్చిన జ్ఞానము కొంత కలదు. తన దేశపు మూలికలతో ఒక మాత్రను తయారుచేసెను. అది చౌకగా దొరకు వస్తువులతో చేయదగినది, బాధను తగ్గించెను. ఆ దినమునుండి శరణాలయములు విదేశీ సహాయముపై ఆధారపడవలసిన అవసరము తప్పెను.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. ఆ కాలమున చైనాలో నల్లమందు మాన్పు మాత్రలని చెప్పి అమ్మబడిన అనేక మందులలో మార్ఫిన్ కలదు. మార్ఫిన్ కూడ నల్లమందునుండియే తీయబడును. గొట్టము విడిచినవారు మాత్రకు దాసులైరి. కొందరు మిషనరీలు సదుద్దేశముతోనే పంచిన అట్టి మందుకు జనులు యేసు నల్లమందు అని పేరు పెట్టిరి. కరుణ ఉన్నను జ్ఞానము లేనిచోట మేలుకు బదులు కీడు కలుగుననుటకు ఇది ఒక హెచ్చరిక. మాత్ర ఎంతటిదైనను అది మొదటి మెట్టే. షీ యీ సంగతిని ఎరిగియుండెను గనుక ఆయన తన పనిని మాత్రతో ముగించలేదు.

ఆయన శరణాలయములలో జరిగినదేమి? రోగి తన ఇష్టముతోనే వచ్చి కొన్ని వారములు అక్కడనే నివసించును. తనకు సాధ్యమైన స్వల్పరుసుము చెల్లించును. ఉచితముగా వచ్చినది చులకనగును గదా. మాత్రల మోతాదును దినక్రమమున తగ్గించుచు వచ్చుదురు. ఉదయసాయంకాలములందు ఆరాధన జరుగును. రాత్రివేళ బాధ మిక్కుటమైనప్పుడు ఒకరు మేల్కొని ప్రక్కన కూర్చుండి ప్రార్థించుదురు. అన్నిటికంటె ముఖ్యమైనది, అక్కడ పరిచర్య చేయువారిలో అనేకులు ఒకప్పుడు నల్లమందు పీల్చినవారే. వచ్చినవాని అబద్ధములు వారికి తెలియును. వాని వణకు వారికి తెలియును. వానిని చూచి వారు అసహ్యించుకొనరు. స్వస్థతపొంది ఊరికి వెళ్లినవానిని అంతటితో విడిచిపెట్టక, ఆ ఊరికి పోయి పలుకరించుచుండిరి. అట్టివారు ఇద్దరు ముగ్గురు కూడినచోట చిన్న సంఘమేర్పడెను.

భార్య నగలు

హువోజౌ అను పట్టణము కొరకు షీ ఇంట ప్రతిదినము కుటుంబప్రార్థనలో విజ్ఞాపన చేయుచుండిరి. అక్కడ శరణాలయము లేదు. తెరచుటకు డబ్బు లేదు. ఒకనాడు ఆయన భార్య, ఇంతకాలము ప్రార్థించితిమి గదా, ఇక పని ఎందుకు మొదలుపెట్టలేదని అడిగెను. సొమ్ము లేదని ఆయన జవాబిచ్చెను. మరునాడు ఆమె తన పెండ్లినాటి నగలను, చెవికమ్మలను ఉంగరములను తీసి మూటగట్టి ఆయన ముందు ఉంచెను. వాటిని అమ్మిన సొమ్ముతో హువోజౌలో శరణాలయము తెరవబడెను. ఒకప్పుడు ఆ ఇంటి ధనము పొగగా పోయెను. ఇప్పుడు ఆ ఇంటి ఇల్లాలి నగలు ఇతరుల ఇండ్లు నిలిపెను. ఆ తరువాత ఆమె కూడ స్త్రీలమధ్య పరిచర్యలో భర్తకు సమానముగా పాటుపడెను.

1886లో చైనా ఇన్‌లాండ్ మిషను స్థాపకుడైన హడ్సన్ టేలర్ షాన్సీకి వచ్చినప్పుడు షీని ఆ ప్రాంతపు సంఘములకు కాపరిగా అభిషేకించెను. కేంబ్రిడ్జి బృందమని పేరుపొందిన యువకులలో ఒకడైన డి. ఇ. హోస్ట్ ఆయనతో కలిసి పనిచేయుటకు నియమింపబడెను. విదేశీయుడు పెద్దగాను దేశీయుడు సేవకుడుగాను ఉండుట ఆ కాలపు ఆచారము. హోస్ట్ దొర దానిని తలక్రిందులు చేసి, చైనా కాపరికి తోడుగా నిలిచి నేర్చుకొనెను. తరువాత హడ్సన్ టేలర్ స్థానమున ఆ మిషనును నడిపించినవాడు ఈ హోస్ట్ దొరయే.

కాపరి బలహీనత, పని యొక్క శ్రమ

పాస్టర్ షీ లోపములు లేనివాడు కాడు. పూర్వపు కోపము పూర్తిగా చావలేదు. ఆజ్ఞాపించుట ఆయనకు సహజము. విదేశ మిషనరీల యెడల తొలుత ఆయనకు అనుమానము కూడ ఉండెను. హోస్ట్ దొర సహనము ఆయనను మెత్తపరచెను.

ఆయన కెదురైన గొప్ప శోధన బయటినుండి రాలేదు. ఆయనతో కలిసి పనిచేసినవారిలోనే కొందరు శరణాలయముల రాబడిపై ఆశపడి విడిపోయి, పోటీగా వేరే శరణాలయములు తెరచి, తక్కువ ధరకు చికిత్స ప్రకటించిరి. కాపరిమీద నిందలు మోపిరి. సంఘములు చీలినవి, ఆయన హృదయము గాయపడెను. ఆయన వ్యాజ్యము వేయలేదు. అర్జీలు వ్రాయుటలో పేరుపొందిన ఆ కలము ఈసారి కదలలేదు. కొంతకాలమునకు ఆ పోటీ శరణాలయములు వాటంతటవే మూతపడెను. చికిత్సను వర్తకముగా మార్చినప్పుడు మొదట కనబడకుండపోవువాడు రోగియే.

స్వస్థతపొందినవారందరు నిలిచిరని చెప్పుట సత్యము కాదు. కొందరు మరల పడిరి. పడినవారిని మరల చేర్చుకొనుట ఆ పనిలో భాగమే.

ఆయన చివరి దినములనాటికి షాన్సీ మొదలుకొని పొరుగు రాష్ట్రముల వరకు నలభైకి పైగా శరణాలయములు ఏర్పడియుండెను. ఆయన రచించిన కీర్తనలు చైనా సంఘములలో పాడబడెను. ఎడతెగని ప్రయాణములు, ఉపవాసములు ఆయన దేహమును కరగించెను. కొద్ది నెలలు పడకనుండి, 1896 ఫిబ్రవరి 19న ఆయన తన ప్రభువునందు నిద్రించెను.

ఆయన మరణమునకు ఒక సంవత్సరము ముందు, 1895లో, బ్రిటిషు ప్రభుత్వము నియమించిన విచారణసంఘము భారతదేశపు నల్లమందు వర్తకమును సమర్థించుచు నివేదిక నిచ్చెను. అయినను మనస్సాక్షి ఊరకుండలేదు. 1906లో బ్రిటిషు పార్లమెంటు దిగువసభ ఆ వర్తకము నీతికి విరుద్ధమని తీర్మానించెను. 1907లో కుదిరిన ఒడంబడికచొప్పున భారతదేశమునుండి చైనాకు ఎగుమతి ఏటేట తగ్గింపబడి కొద్ది సంవత్సరములలో నిలిచిపోయెను. ఒక పల్లెలో పది మంచములతో చేయు పని ఒకటి. మంచము పట్టించు సరకును సరిహద్దులో ఆపు పని మరియొకటి. రెండును కావలెను. బావిలో పడినవారిని తీయుచు, బావికి గోడ కట్టకుండుట తెలివి కాదు.

మనకు పాఠము

నేటి వైద్యశాస్త్రము వ్యసనమును చికిత్స చేయదగిన రోగముగా ఎంచుచున్నది. నల్లమందు జాతి మత్తులకు మెథడోన్, బుప్రెనార్ఫిన్ మొదలగు మందులను వైద్యుని పర్యవేక్షణలో ఇచ్చుట మన దేశములోను జరుగుచున్నది. వాటిని విశ్వాసలోపమని ఎంచరాదు. కొంతకాలము మాని మరల పూర్వపు మోతాదు తీసికొనినవాడు ప్రాణము పోగొట్టుకొనవచ్చును. ఏలయనగా దేహము ఆ విషమును ఓర్చు శక్తిని అప్పటికే కోల్పోయియుండును. ఏండ్ల తరబడి విస్తారముగా సారాయి త్రాగువాడు ఒక్కసారిగా మానినను మూర్ఛలు కలిగి ప్రాణాపాయము రావచ్చును. కాబట్టి ప్రార్థనకూటమునకు తీసికొనివచ్చు ప్రేమయే ఆసుపత్రికి కూడ తీసికొనిపోవలెను. హిల్ దొర ప్రార్థించెను, మందును ఇచ్చెను.

అయితే మందు చేయలేని పని ఒకటి కలదు. రాత్రి రెండు గంటలకు వణకుచున్నవాని ప్రక్కన అది కూర్చుండలేదు. స్వస్థతపొందిన తరువాత ఊరిలో వాని తలుపు తట్టలేదు. తప్పిపోయినవానిని మరల పేరుపెట్టి పిలువలేదు. అది మనుష్యులు చేయవలసిన పని, సంఘము చేయవలసిన పని.

ప్రియ చదువరీ, నీ సంఘములో ఆదివారమున వెనుకబెంచీలో కూర్చుండి, ఆరాధన ముగియకమునుపే లేచిపోవు సహోదరుడు ఒకడుండవచ్చును. వాని వాసనను బట్టి అందరు ప్రక్కకు జరుగుదురు. నీ ఇంట్లోనే అట్టివాడు ఉండవచ్చును. సిగ్గుచేత నీవు ఎవరికిని చెప్పుకొనియుండవు. శవవస్త్రములు తొడిగించుకొనిన పండితుని దేవుడు విడిచిపెట్టలేదు. ఆయనయొద్దకు మొదట దేవుడు పంపినది ప్రసంగమును కాదు. దయగల కన్నులుగల ఒక మనుష్యుని పంపెను. ఈ సంవత్సరములో అట్టి ఒకరి ప్రక్కన కూర్చుండుటకు ప్రభువు నిన్నును పంపవచ్చును. పిలుపు వచ్చినప్పుడు ఆలస్యము చేయకుము.